ఎక్కడున్నావో చెప్పు ముందు!

ఆటవిడుపు

'కాపాడండి!'

రేడియోలో ఆకుపచ్చ అక్షరాల్లో వచ్చిందా కేక. నౌకలో ఓ యాభైమంది ఉన్నారు. అందరి చెవుల్లోనూ పడింది. వంటాయన గరిటె ఆపాడు. డాక్టరమ్మ తలెత్తి చూసింది. సెక్యూరిటీవాళ్లిద్దరూ లాఠీలు చేతిలోకి తీసుకున్నారు. కానీ, ఎవరూ అడుగు ముందుకు వేయలేదు. వేస్తే ఎటు వేయాలి? నౌకలో వందల గదులు, వాటి వెనకాల మళ్లీ చీకటి సందులు.

'ఎక్కడ?' అడిగారెవరో. జవాబు లేదు. 'ఎక్కడయ్యా బాబూ?' ఇంకొకరు అడిగారు. ఊహూఁ...

పది నిమిషాల తర్వాత నేల తుడుచుకుంటూ వెళ్లిన పారిశుద్ధ్య కార్మికుడికి పడమటి సందులో తోటమాలి శవం కనిపించింది. చెవికి రేడియో ఉంది. అది భేషుగ్గా పనిచేస్తోంది కూడా!

తోటమాలి చేసిన పొరపాటల్లా ఒకటే. చేతిలో ఉన్న ఒకే ఒక్క క్షణాన్ని 'కాపాడండి' అనడానికి ఖర్చుపెట్టేశాడు. దానికి బదులు 'పడమటి సందు' అని ఉంటే బతికేవాడేమో!

కంగారు పడకండి. ఇదంతా కంప్యూటర్ ఆట. ఆ తోటమాలి ఇప్పుడు ఎక్కడో తన గదిలో, కుర్చీలో వెనక్కి వాలి తల పట్టుకుని ఉంటాడు. ఈ ఆట ఆడేవాళ్లలో ఒక్కసారైనా ఇలా 'చావని'వాళ్లు ఉండరు. ఇంతకీ ఆ ఆట పేరు... స్పేస్ స్టేషన్ 13.

గాలితో మొదలైంది!

2003లో పుట్టిన ఆట ఇది. తయారుచేసిన వ్యక్తి 'ఎగ్జాడ్‌వీ1' అన్న మారుపేరుతోనే అందరికీ తెలుసు. బయాండ్ అనే ఉచిత వేదిక మీద, ఒక గదిలోని గాలి పక్క గదిలోకి ఎలా పాకుతుందో కంప్యూటర్లో లెక్కగట్టి చూడటం మొదట్లో అతని సరదా. ఆ గదుల్లోకి మనుషులు వచ్చారు. మనుషులు వచ్చాక ఉద్యోగాలు వచ్చాయి. ఉద్యోగాలొచ్చాక తగువులు రాకుండా ఉంటాయా? అవీ వచ్చాయి. తర్వాత్తర్వాత ఆట ప్రోగ్రాం బయటికి రావడంతో, ప్రపంచంలో నలుమూలలా ఉన్న ఔత్సాహికులు ఎవరికి తోచిన మార్పులు వాళ్లు చేసుకుని సొంత సర్వర్లు పెట్టుకున్నారు. కొన్నిచోట్ల అది పేరుకు తగ్గట్టే అంతరిక్ష కేంద్రం. మరికొన్నిచోట్ల అచ్చంగా అంతరిక్ష నౌక. 'బేస్టేషన్ 12' బృందం వాళ్ల 'టార్చ్' అలాంటిదే. సైనికుల కథ నడిపే మరో బృందం వాళ్ల నౌక పేరు 'ఆల్మేయర్'.

బొమ్మలు చూస్తే మాత్రం నిరుత్సాహపడతారు. పైనుంచి కిందికి చూస్తున్నట్టు ఉండే చిన్నచిన్న గడులు. ఒక్కో గడి 32 చుక్కల వెడల్పు, 32 చుక్కల పొడవు. అంతే! కానీ రద్దీగా ఉన్నప్పుడు ఒకే నౌకలో డెబ్భై ఎనభైమంది ఆడుతుంటారు. ఆట మొదలవగానే ఒక్కొక్కరికీ ఒక్కో కొలువు. కెప్టెన్, ఇంజినీరు, డాక్టరు, శాస్త్రవేత్త, వంటవాడు, పూజారి, ఆఖరికి జోకర్ కూడా. వీళ్లలో కొందరికి రహస్యంగా ఇంకో పని కూడా అప్పజెబుతుంది కంప్యూటర్. ఫలానావాణ్ని చంపు, ఫలానాది దొంగిలించు... అని. అదెవరికో మిగతావాళ్లకి తెలియదు. గంటో రెండు గంటలో సాగే ఈ నాటకంలో స్క్రిప్టు ఉండదు, దర్శకుడు ఉండడు. మాటలే నడిపించాలి. ఆ మాటలు కూడా నోటితో కాదు, కీబోర్డుతో. టైపు చేస్తే పాత్ర మాట్లాడినట్టు.

అసలు తమాషా అంతా ఆ మాట దగ్గరే ఉంది.

చెవికీ ఓ హద్దుంది!

మామూలు ఆన్‌లైన్ ఆటల్లో మీరు టైపు చేసింది అందరికీ కనిపిస్తుంది. ఇక్కడ అలా కుదరదు. మీరు మాట్లాడితే మీ చుట్టుపక్కల ఏడెనిమిది గడుల దూరంలో ఉన్నవాళ్లకే వినిపిస్తుంది. గుసగుసలాడితే పక్కనే నిలబడ్డవాడికి మాత్రమే స్పష్టంగా చేరుతుంది. కాస్త ఎడంగా ఉన్నవాళ్లకి అక్షరాల మధ్య చుక్కలు పడిపోయి ముక్కముక్కలుగా కనిపిస్తుంది. 'ఏదో మాట్లాడుకుంటున్నారు' అని తెలుస్తుంది తప్ప ఏమిటో తెలియదు. అనుమానం పుట్టడానికి అది చాలదూ!

తాగి మాట్లాడితే నాలుక తడబడుతుంది. 'ఇంజిన్ గదిలో మంట' అని శుభ్రంగా టైపు చేసినా అవతలివాళ్లకి ముద్దముద్దగానే చేరుతుంది. మూకాభినయం చేసే పాత్ర ఒకటుంది. అతనిది మౌనవ్రతం. హంతకుణ్ని కళ్లారా చూసినా చేతి సైగలతోనే చెప్పుకోవాలి పాపం!

అన్నిటికన్నా ముచ్చటైనది మరోటుంది. నౌక గోడకు చిల్లుపడి గాలి బయటికి పోయిందనుకోండి, గొంతు కూడా దాంతోపాటే పోతుంది. చాలా సర్వర్లలో, గాలి దాదాపు లేనిచోట పక్క గడిలో ఉన్నవాడికి తప్ప మీ మాట వినిపించదు. గాజు కూజాలో గంట పెట్టి గాలి తీసేస్తే మోత ఆగిపోతుందని హైస్కూల్లో సైన్సు మాస్టారు చెప్పలేదూ... అదే ఇది. గాలి లెక్కలతో పుట్టిన ఆట కదా, ఆ వాసన పోలేదు.

ఇలా గొంతుకి కొలత పెట్టేశాక, దూరాన ఉన్నవాడితో మాట్లాడాలంటే ఏం చేయాలి? సరిగ్గా అక్కడే పరికరాలకు పని పడుతుంది.

ఒక్క సెమీకోలన్...

నౌకలో అడుగుపెట్టగానే ప్రతి ఒక్కరి చెవికీ ఓ హెడ్‌సెట్ తగిలించి ఉంటుంది. మాటకు ముందు ఓ సెమీకోలన్ కొడితే అది రేడియోలోకి వెళుతుంది. అందరూ వినే ఛానల్ అన్నమాట. దాని ఫ్రీక్వెన్సీ 145.9. ఆట అలవాటైనవాళ్లకి ఆ అంకె ఇంటి నంబరంత గుర్తు. కొత్తవాళ్లకి ఎదురయ్యే మొదటి అవమానం కూడా ఈ సెమీకోలన్‌తోనే. కొట్టడం మర్చిపోయి ఖాళీ గదిలో గంట సేపు 'ఎవరైనా ఉన్నారా?' అని అరుస్తుంటారు. లేదంటే పక్కవాడి చెవిలో చెప్పాల్సిన రహస్యానికి ముందు అలవాటుకొద్దీ అది కొట్టేసి ఊరంతా దండోరా వేసేస్తారు!

అందరి ఛానల్ కాకుండా ఒక్కో విభాగానికీ ఒక్కోటి ఉంది. వైద్యులది వైద్యులకి, ఇంజినీర్లది ఇంజినీర్లకి, సెక్యూరిటీది సెక్యూరిటీకి. కెప్టెన్, విభాగాధిపతులు మాట్లాడుకునేది వేరే. ఒక్కోదానికీ ఒక్కో రంగు. సెక్యూరిటీ అయితే ఎరుపు, ఇంజినీర్లయితే నారింజ. తెరమీద వరదలా వచ్చిపడే మాటల్లో రంగు చూసి కావలసినవి ఏరుకోవడం ఆటగాళ్లకి కొన్నాళ్లకి అలవాటైపోతుంది. కూరగాయల బజార్లో వంద కేకల మధ్య మనకి కావాల్సిన కేక వినిపించినట్టే.

ఏ ఛానల్ ఎవరు వినాలన్నది హెడ్‌సెట్ లోపల ఉండే చిన్న 'తాళంచెవి' నిర్ణయిస్తుంది. స్క్రూడ్రైవర్‌తో విప్పితే అది ఊడి వస్తుంది. అంటే సెక్యూరిటీవాడు స్పృహ తప్పి పడిపోతే అతని తుపాకీ కన్నా విలువైనది అతని చెవికున్న హెడ్‌సెట్. అది దొరికిన దొంగ తనని ఎక్కడెక్కడ వెతుకుతున్నారో నింపాదిగా వింటూ కూర్చోవచ్చు. తెలివైన సెక్యూరిటీవాళ్లు అందుకే ఓ సంగతి గుర్తుపెట్టుకుంటారు. తమవాడు ఒకడు కనిపించకుండా పోయాడంటే, ఆ క్షణం నుంచి తమ ఛానల్ తమది కాదు!

ఎవరికి ఏది చెప్పాలన్న వివేకాన్ని ఆటే నేర్పుతుంది. ఇంజిన్ గదిలో కరెంటు పుట్టించే ఓ స్ఫటికం ఉంటుంది. దాని ఆరోగ్యం దెబ్బతింటుంటే అదే రేడియోలో హెచ్చరికలు పంపుతుంది. మొదట ఇంజినీర్ల ఛానల్లో మాత్రమే. వాళ్లు పట్టించుకోక, ఇక పేలిపోయే దశకు చేరితే అప్పుడు అందరి ఛానల్లోనూ చెబుతుంది. ఇంటి గుట్టు వీధిన పడిందంటే పరిస్థితి చేయిదాటిందనే అర్థం. ఆ ఒక్క వాక్యానికి వంటశాల నుంచి పూజామందిరం దాకా పరుగులే పరుగులు!

గోడమీది పెట్టె, జేబులోని పలక

హెడ్‌సెట్ ఒక్కటే కాదు. దాదాపు ప్రతి గదిలోనూ గోడకి ఇంటర్‌కమ్ ఉంటుంది. చేతులు కట్టేసి, హెడ్‌సెట్ లాగేసుకుని ఎవరైనా గదిలో పడేస్తే, దాని మైకు ఆన్‌లో ఉంటే చాలు, దగ్గర నిలబడి మామూలుగా మాట్లాడినా బయటికి వెళుతుంది. బందీ అదృష్టం బాగుంటే ఆ మైకుని ముందే ఎవరో ఆన్‌చేసి వదిలేసి ఉంటారు.

జేబులో పీడీఏ ఉంటుంది. అరచేతిలో పట్టే కంప్యూటర్ పలక. దాంతో ఒకరికొకరు రహస్యంగా సందేశాలు పంపుకోవచ్చు. రహస్యమని వాళ్లు అనుకుంటారంతే! అవన్నీ నౌకలోని ఓ సర్వర్‌లో నమోదవుతూనే ఉంటాయి. చూసే అధికారం ఉన్నవాడు తీరిగ్గా చదువుకోవచ్చు. ఇక కంప్యూటర్ ఎవరికైతే రహస్యంగా విలన్ వేషం ఇచ్చిందో, వాళ్ల పీడీఏలో ఇంకో మాయ దాగి ఉంటుంది. రింగ్‌టోన్ మార్చే చోట తమకిచ్చిన సంకేతపదం కొడితే ఆయుధాల దుకాణం తెరుచుకుంటుంది. పైకి చూస్తే ఫోన్‌లో పాట మార్చుకుంటున్నట్టే ఉంటుంది మరి!

మాట్లాడకుండా మాట్లాడే పరికరం మరోటుంది. అది తొడుక్కున్న బట్టల్లోనే ఉంటుంది. దాన్ని పూర్తిగా ఆన్ చేసి పెట్టుకుంటే మీ ఆరోగ్యం ఎలా ఉందో, మీరెక్కడున్నారో వైద్యుల గదిలో తెరమీద కనిపిస్తుంది. రెండు క్లిక్కుల పని. ఆ రెండు క్లిక్కులకి బద్ధకించేవాళ్లే ఎక్కువ. మన తోటమాలి కూడా ఆ బాపతే. హెల్మెట్ ఎందుకులే, పక్క వీధికేగా... అనుకున్నట్టు!

కెప్టెన్ గదిలో పెద్ద కంప్యూటర్ ఉంటుంది. నౌక మొత్తానికి ప్రకటన చేయాలన్నా, ఇక మన వల్ల కాదని రక్షణ షటిల్‌ని పిలవాలన్నా దాని దగ్గరికే వెళ్లాలి. పిలిచేటప్పుడు కారణం రాయాలి. పిలిచాక రావడానికి చాలాచోట్ల ఐదు నుంచి పది నిమిషాల పైనే. ఆటలో ఉత్కంఠంతా ఆ కాసేపట్లోనే! షటిల్‌ని పిలవాలా వద్దా అన్నదానికి రేడియోలో జరిగే వాదన చూస్తే ఊరి రచ్చబండ గుర్తొస్తుంది. ఒకవైపు మంటలు అంటుకుంటుంటే మరోవైపు 'నా ప్రయోగం సగంలో ఉంది, ఇంకో పావుగంట ఆగండి' అని బతిమాలే శాస్త్రవేత్త ఒకరు తప్పకుండా ఉంటారు.

రేడియో మూగబోతే..?

ఇన్ని పరికరాలున్నాయి కదా అని నిశ్చింతగా ఉండే వీల్లేదు. హెడ్‌సెట్‌లో అన్న మాట నేరుగా అవతలివాడి చెవిలో పడదు. టెలికమ్ గది అని ఒకటుంటుంది. అక్కడ ఒక యంత్రం మాటని అందుకుంటుంది. ఒకటి మోసుకెళుతుంది. ఒకటి విప్పుతుంది. ఒకటి దాచుకుంటుంది. చివరిది తిరిగి నౌకంతా వదులుతుంది. మధ్యలో విప్పే యంత్రాన్ని పీకేస్తే మాటలు అర్థంపర్థంలేని అక్షరాల కుప్పగా వస్తాయి. ఆ గదికి కరెంటు పోతే అదీ రాదు. ఒక్కోసారి ఏ శత్రువూ లేకుండానే, అంతరిక్ష తుపానులాంటి ఉత్పాతం పేరుతో కంప్యూటరే కాసేపు రేడియోని మూగదాన్ని చేస్తుంది.

ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో ఆడినవాళ్లకే తెలుసు. అప్పటిదాకా జాతరలా హోరెత్తిన తెర ఒక్కసారిగా ఖాళీ. ఎదురుగా ఉన్నవాడు తప్ప ప్రపంచం లేదు. ఎవరు బతికున్నారో తెలియదు. 'రేడియో పనిచేస్తోందా?' అని రేడియోలోనే అడుగుతారు చాలామంది. అలవాటు అలాంటిది!

అనుభవజ్ఞులు మాత్రం అలాంటప్పుడు పాత సామాను వెతుకుతారు. గోదాముల్లో, పనిముట్ల పెట్టెల్లో చేతితో పట్టుకునే మామూలు రేడియోలు ఉంటాయి. ఫ్యాషన్ కాదని ఎవరూ ముట్టుకోరు. గోడమీది ఇంటర్‌కమ్‌లూ అంతే. ఇవి టెలికమ్ గది చచ్చిపోయినా తమలో తాము మాట్లాడుకోగలవు. తుపానుకి టవర్లు కూలి సెల్‌ఫోన్లు మూగబోయినప్పుడు హామ్ రేడియోవాళ్లు ఆదుకున్నట్టే.

ఆ గొంతు ఎవరిది?

రేడియో పనిచేస్తున్నా ఇంకో చిక్కుంది. మాట వినిపిస్తుంది. మనిషి కనిపించడు. మాట పక్కన పేరు పడుతుంది, నిజమే. కానీ ముఖం కప్పుకుని వేరొకరి గుర్తింపు కార్డు తగిలించుకుంటే ఆ వేరొకరి పేరే పడుతుంది. గొంతు మార్చే ముసుగులున్నాయి. ఎదుటివాడి గొంతుని అచ్చుగుద్దినట్టు అనుకరించే రాకాసి పాత్ర కూడా ఉంది. 'కెప్టెన్ని మాట్లాడుతున్నా, ఆయుధాగారం తలుపు తెరువు' అని వినిపిస్తే తెరవాలా వద్దా? అసలు కెప్టెన్ అదే సమయంలో ఏ బీరువాలోనో కాళ్లూ చేతులూ కట్టేసి ఉండవచ్చు.

నౌకలో కృత్రిమ మేధ పాత్రనీ ఓ ఆటగాడే పోషిస్తాడు. శరీరం ఉండదు, కెమెరాలే కళ్లు. రేడియోలో ఎవరైనా మాట్లాడితే ఆ పేరు మీద నొక్కి వాళ్లున్న చోటుకి తన చూపు మళ్లించగలడు. 'కాపాడండి' అన్నవాడికి అదొక్కటే ఆశ. కాకపోతే చీకటి సందుల్లో కెమెరాలు తక్కువ. హంతకులు అక్కడే కాపు కాసేది అందుకే. పైగా ఆ కృత్రిమ మేధ నడవాల్సిన నియమాల్ని ఎవరైనా దొంగతనంగా మార్చేశారంటే, 'ఏం ఫర్వాలేదు, అటు వెళ్లండి' అని తీయగా చెప్పి మృత్యువు నోట్లోకే పంపుతుంది.

కాబట్టి పాతకాపులు రేడియోలో వాక్యాన్ని కాదు, మనిషిని వింటారు. రోజూ పెడసరంగా మాట్లాడే వంటాయన ఇవాళ 'దయచేసి వంటగదికి రండి' అన్నాడంటే ఎక్కడో తేడా ఉన్నట్టు!

ఫోనుంది... తీయకూడదు

ఇక్కడో ప్రశ్న రావాలి. ఆడేవాళ్లందరి చేతుల్లోనూ నిజమైన ఫోన్లున్నాయి కదా! ఆటలో రేడియో పోతేనేం? స్నేహితుడికి ఓ మెసేజ్ కొట్టి 'నన్ను చంపింది ఫలానావాడు' అని చెప్పేస్తే సరిపోదా?

సరిపోతుంది. ఎవరూ చూడరు కూడా. కానీ దాదాపు అన్ని సర్వర్లలోనూ అది పెద్ద తప్పు. దొరికితే వెలివేస్తారు. పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఆడుతున్న అన్నదమ్ములైనా సరే, ఆటలో రేడియో లేకపోతే ఒకరికొకరు ఏమీ చెప్పుకోకూడదు. ఉత్తుత్తి రేడియో విలువ నిలబడాలంటే అసలు ఫోన్ జేబులోంచి బయటికి రాకూడదు. ప్రోగ్రాం ఆపలేని ఆ పనిని ఆపేది ఆటగాడి నిజాయతీ ఒక్కటే. పేకాటలో ఎదుటివాడి ముక్కలు అద్దంలో కనిపిస్తున్నా చూడకుండా తల తిప్పుకోవడం లాంటిది.

ఇంకా కష్టమైనది మరోటుంది. చనిపోయినవాళ్ల సంగతి. ప్రాణం పోయాక ఆటగాడు దెయ్యమై నౌకంతా తిరగొచ్చు. గోడలు అడ్డుకావు. అన్ని ఛానళ్లూ వినిపిస్తాయి. హంతకుడు ఎవరో, ఇప్పుడు ఎవరి వెనకాల నిలబడ్డాడో కళ్లెదుటే కనిపిస్తుంటుంది. కానీ దెయ్యాలు దెయ్యాలతోనే మాట్లాడగలవు. బతికున్నవాళ్లకి ఒక్క ముక్క చెప్పలేవు. మన తోటమాలి అలాగే తన శవం పక్కన నిలబడి, రేడియోలో 'ఎక్కడ?' అని అడుగుతున్నవాళ్ల మాటలు వింటూ ఉండిపోయాడు. జవాబు తెలుసు. గొంతు లేదు. పాత్రపోషణని గట్టిగా పాటించే కొన్ని సర్వర్లలో అయితే, వైద్యులు తిరిగి బతికించినా చావుకి ముందు జరిగింది గుర్తులేనట్టే నటించాలి.

ఎవరు చెప్పాలి, ఎవరు ఊరుకోవాలి?

అంతరిక్షం, రేడియో, గూఢచారి... ఈ కలగలుపు మన పిల్లలకీ కొత్తేం కాదు. 2018లో విడుదలై 2020 లాక్‌డౌన్‌లో ఇంటింటికీ పాకిన 'అమాంగ్ అస్' గుర్తుందిగా? అందులో 'స్కెల్డ్' అనే అంతరిక్ష నౌక ఉంటుంది. శవం కనిపించినప్పుడో అత్యవసర మీట నొక్కినప్పుడో సమావేశమైతే తప్ప మాట్లాడకూడదన్నది నియమం. అక్కడ మాటకి సమయం హద్దు, ఇక్కడ దూరం హద్దు.

2010లో వచ్చిన 'ఆర్టెమిస్' ఇంకో తరహా. అది ఒకే గదిలో ఐదారుగురు తలా ఒక కంప్యూటర్ ముందు కూర్చుని నౌక నడిపే ఆట. ఒకరు చుక్కాని, ఒకరు ఆయుధాలు, ఒకరు ఇంజిన్, ఒకరు శాస్త్రం... కమ్యూనికేషన్స్ అధికారి ప్రత్యేకంగా ఒకరు. శత్రువుని లొంగిపొమ్మని బెదిరించడం, స్థావరాలతో మాట్లాడి సరుకు సిద్ధం చేయించడం ఆయన పని. కెప్టెన్ ముందు మాత్రం ఏ మీటలూ ఉండవు. పెద్ద తెర చూసి నోటితో ఆజ్ఞలివ్వడమే.

నిజం అంతరిక్షంలోనూ మాటకి పద్ధతుంది. నాసా నియంత్రణ గదిలో ఎంతమంది నిపుణులున్నా, వాళ్లలో వాళ్లు వేర్వేరు ఛానళ్లలో మాట్లాడుకుంటారు. వ్యోమగాములతో మాట్లాడే బాధ్యత మాత్రం ఒకరికే అప్పగిస్తారు. దాన్ని క్యాప్‌కామ్ అంటారు. తొలి మెర్క్యురీ యాత్రల నాటి నుంచీ ఉన్న సంప్రదాయమిది. పదిమంది పది మాటలు చెబితే, పైన ఉన్నవాడికి ఒక్కటీ చేరదని వాళ్లకి మొదట్లోనే తెలుసు. ఆటలో కుర్రాళ్లు అదే పాఠాన్ని పదేపదే చచ్చి నేర్చుకుంటున్నారు!

మనకి మాత్రం ఆ పాఠం అక్కర్లేదా? రోడ్డు మీద ప్రమాదం చూసి 108కి ఫోన్ చేశామనుకోండి. గుండె దడదడలాడుతుంటే ముందు నోటికి వచ్చేది 'తొందరగా రండి' అనే. ఎక్కడికి రావాలో చెప్పేసరికి ఫోన్ కట్ అయితే..?

రేడియో నొక్కే ముందు...

* చోటు ముందు, సంగతి తర్వాత. సగంలో తెగిపోయినా ఆ సగం పనికొచ్చేదై ఉండాలి.
* ఆట మొదలవగానే బట్టల్లోని సెన్సర్‌ని పూర్తిగా ఆన్‌చేయాలి. మీరు మాట్లాడలేనప్పుడు అది మాట్లాడుతుంది.
* ఏ మాట ఏ ఛానల్లోనో ఆలోచించాలి. అందరి ఛానల్లో హంతకుడూ ఉంటాడు.
* పాత చేతి రేడియో ఒకటి సంచిలో పడేసుకోవాలి. అవసరం వచ్చేది ఒక్కసారే.
* విన్నట్టు చెప్పాలి. 'వస్తున్నా' అన్న ఒక్క ముక్క అవతలివాడికి కొండంత ధైర్యం. ఇద్దరు ముగ్గురు ఒకేచోటికి ఉరికే పని కూడా తప్పుతుంది.
* ఊసుపోక కబుర్లకి కాస్త కళ్లెం వేయాలి. తెరనిండా జోకులుంటే కేక కొట్టుకుపోతుంది.

రెండో ఆట మొదలైంది. కొత్త నౌక, కొత్త కొలువులు. మన తోటమాలికి మళ్లీ తోటపనే వచ్చింది. మొక్కలకి నీళ్లు పోస్తున్నాడు. ఓ ఇరవై నిమిషాలు గడిచాక రేడియోలో ఆకుపచ్చ అక్షరాలు మెరిశాయి.

'తోట వెనక. పడమటి సందు. కత్తి. ఒక్కడే.'

'కాపాడండి' అన్న మాట అందులో లేదు. అనాల్సిన అవసరమూ లేదు. అప్పటికే మూడు వైపుల నుంచి మూడు జవాబులు వచ్చేశాయి.

'వస్తున్నా.' 'వస్తున్నా.' 'తలుపు తీసే ఉంచు, వస్తున్నా!'